బొత్తిచెల్లి ‘ప్రిమవేరా’లో ఆ పల్చటి బట్టలు ఎందుకు?

మీ అమ్మాయి పెళ్లికి ఇటలీలో ఉండే స్నేహితురాలు ఒకావిడ, పాతకాలపు ఇటలీ చిత్రకారుడు బొత్తిచెల్లి వేసిన ‘ప్రిమవేరా’ (వసంతం) బొమ్మ పెద్ద ప్రింటు పంపిందనీ, దాన్ని హాల్లో పెడితే మీ వియ్యపురాలు “పిల్లలు తిరిగే ఇంట్లో ఇదేం బొమ్మ వదినా” అన్నారనీ రాశారు. నెట్‌లో వెతికితే అందరూ ఇది తత్వం, ఇవన్నీ ప్రతీకలు అంటున్నారు, నాకు మాత్రం పల్చటి బట్టల్లో ఒళ్లు కనబడే అందమైన అమ్మాయిలే ముందు కనిపిస్తున్నారు, నా చూపులోనే తప్పుందా అని అడిగారు.

మీ చూపులో తప్పేమీ లేదు. ఆ చిత్రకారుడు మీకు ముందు అదే కనిపించాలని వేశాడు. ఇరవై ఆరేళ్లు ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకు చిత్రకళా చరిత్ర చెప్పాను. ఈ బొమ్మ చూపించిన ప్రతి ఏడాదీ క్లాసు రెండుగా చీలేది. కొందరు సిగ్గుపడి తల దించుకునేవారు. కొందరు పుస్తకంలో చదివిన ప్రతీకల పట్టీ గడగడా అప్పజెప్పేవారు. ఇద్దరూ బొమ్మను చూడనట్టే లెక్క. ఒకసారైతే గోడకు అంటించిన ప్రింటు మీద ఎవరో ఫిర్యాదు చేశారని కాలేజీ వాళ్లు తీయించేశారు. ఆ రోజు నేను గట్టిగా వాదించలేకపోయాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే మీకు కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మీకు పనికొచ్చే సంగతి చెబుతాను. ఇది కూడా పెళ్లి ఇంటి బొమ్మే. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో, ఆ ఊళ్లో పెత్తనం చేసిన మెడిచి కుటుంబానికి చెందిన లోరెంజో ది పియర్‌ఫ్రాంచెస్కో అనే కుర్రాడి ఇంట్లో ఉండేది. అందరికీ తెలిసిన ‘మహానుభావుడు’ లోరెంజోకి ఇతను వరుసకు తమ్ముడు. 1463లో పుట్టాడు. 1482లో సెమిరామిదె అప్పియానితో పెళ్లయింది. బొమ్మ వేసిన కాలం కూడా 1480 ప్రాంతమే కాబట్టి ఆ పెళ్లికోసమే వేయించారని చాలామంది చరిత్రకారుల నమ్మకం. పెళ్లికే అని రాసిన కాగితం ఏదీ లేదు కానీ, 1499లో ఆ ఇంటి సామాను జాబితా రాశారు. అందులో ఈ బొమ్మ లోరెంజో పడకగది పక్క గదిలో, ‘లెత్తుచ్చో’ అనే వెనక ఎత్తుపలక ఉన్న పెద్ద చెక్క బల్ల మీదుగా గోడకు ఉన్నట్టు నమోదైంది. మన పాత ఇళ్లలో పట్టెమంచం లాంటిదనుకోండి, కూర్చోవడానికీ, నడుం వాల్చడానికీ. ఆ జాబితా వెలుగులోకి వచ్చింది 1975లో. అంతకుముందు అందరూ ఇది కాస్తెల్లో అనే ఊళ్లోని తోట ఇంటికోసం వేశారనుకున్నారు, ఎందుకంటే 1550లో చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి దీన్ని అక్కడే చూశానని రాశాడు. గ్రేసులు అనే ముగ్గురు అక్కచెల్లెళ్లు పూలతో అలంకరిస్తున్న ప్రేమదేవత వీనస్, ఇది వసంతాన్ని సూచిస్తుంది అన్నాడాయన. ‘ప్రిమవేరా’ అనే పేరు ఆ మాట నుంచి వచ్చిందే. చిత్రకారుడు ఏ పేరూ పెట్టలేదు.

కొత్త దంపతులు తిరిగే గది, పక్కనే పడకగది, గోడ నిండా రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్లకు పైగా వెడల్పు ఉన్న చెక్క పలక, దాని మీద దాదాపు మనుషులంత ఎత్తున్న తొమ్మిది మంది. ఇలాంటి చోట పెట్టిన బొమ్మలో శృంగారం లేదనడం ఎలా కుదురుతుంది? కాకపోతే ఆ శృంగారం ఏ రకందో చూడాలి.

మనం ఎడమ నుంచి కుడికి చదవడం అలవాటైనవాళ్లం. ఈ బొమ్మను అలా చూస్తే ముందు దేవతల దూత మెర్క్యురీ ఎదురవుతాడు, ఆయన వీపు తిప్పి మబ్బుల్లోకి చూస్తుంటాడు, కథ అక్కడే ఆగిపోతుంది. కుడి చివర మొదలుపెట్టండి. గాలి అటు నుంచే వీస్తోంది.

కుడివైపు చెట్లు వంగి ఉన్నాయి. వాటి మధ్య నుంచి నీలిరంగు ఒళ్లు, రెక్కలు, ఉబ్బిన బుగ్గలతో దూసుకొస్తున్నవాడు జెఫిరస్, పడమటి గాలి. అతను పట్టుకోబోతున్న అమ్మాయి క్లోరిస్ అనే వనకన్య. ఒంటిమీద ఉన్నదంతా పొగలాంటి తెల్లని బట్ట. పారిపోతూ వెనక్కి తిరిగి అతన్నే చూస్తోంది. నోట్లోంచి పూల తీగ ఒకటి జారుతోంది. ఆమె పక్కనే, ఆమెను తాకేంత దగ్గరగా, నిండా పూలు కుట్టిన గౌను వేసుకుని, ఒడిలోని గులాబీలు చల్లుతూ నడుస్తున్నది ఫ్లోరా. క్లోరిస్, ఫ్లోరా ఇద్దరు కాదు. ఒకరే. రోమన్ కవి ఓవిడ్ రాసిన పండుగల కావ్యంలో ఫ్లోరా తన కథ తానే చెప్పుకుంటుంది. ఒకప్పుడు నేను క్లోరిస్‌ని, ఇప్పుడు ఫ్లోరా అంటున్నారు అని. ఆమె మాట్లాడుతుంటే నోటి నుంచి వసంతపు గులాబీలు ఊపిరిలా వచ్చాయని కవి అంటాడు. బొత్తిచెల్లి ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని బొమ్మ కట్టేశాడు. ఆ నోటి పూలు జారుతూ వెళ్లి ఫ్లోరా గౌను మీది పూలలో కలిసిపోతాయి. క్లోరిస్ వేళ్లు ఫ్లోరా గౌను అంచుకి దాదాపు తగులుతుంటాయి. ఒక మనిషి ఇంకో మనిషిగా మారుతున్న క్షణాన్ని ఇద్దరు ఆడవాళ్లను పక్కపక్కన నిలబెట్టి చూపించాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. చాలా వ్యాసాలు ఇక్కడ ఆగకుండా ‘రూపాంతరం’ అని అందమైన మాట చెప్పి దాటిపోతాయి. ఓవిడ్ కథ అంత మృదువుగా ఉండదు. వసంతం, నేను తిరుగుతున్నాను, జెఫిరస్ చూశాడు, వెళ్లిపోబోయాను, వెంటపడ్డాడు, పారిపోయాను, అతని బలమే ఎక్కువైంది. ఫ్లోరా చెప్పేది ఇదీ. ఆ తర్వాత అతను పెళ్లి చేసుకుని తప్పు దిద్దుకున్నాడనీ, పూలతోట కానుకగా ఇచ్చాడనీ, తన కాపురంలో ఫిర్యాదు ఏదీ లేదనీ అంటుంది. బలవంతం ముందు, పూలు తర్వాత. దీన్ని పెళ్లికూతురు రోజూ చూసే గోడ మీద పెట్టారు. 1991లో లిలియన్ జిర్పోలో అనే చరిత్రకారిణి ఈ విషయాన్నే పట్టుకుని, ఇది కొత్త కోడలికి అణకువ నేర్పే పాఠం అని వాదించారు. నేను మొదట ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. కానీ అదే బొత్తిచెల్లి పనివారితో కలిసి 1483లో ఇంకో ఫ్లోరెన్స్ పెళ్లికి వేసిన పలకలు చూశాక నా అభిప్రాయం మారింది. వాటిలో ప్రేమను తిరస్కరించిన స్త్రీని గుర్రమెక్కినవాడు వేటకుక్కలతో తరుముతుంటాడు. అదీ పెళ్లి కానుకే. ఆ కాలపు ఫ్లోరెన్స్ పెద్దింటి పెళ్లిళ్లలో అమ్మాయి ఇష్టాన్ని అడిగేవాళ్లు తక్కువ. ఆ సంగతి పక్కన పెట్టి ఈ బొమ్మను ఒట్టి వసంతగీతంలా చూస్తే క్లోరిస్‌కి అన్యాయం చేసినట్టే.

అయినా క్లోరిస్ ముఖంలోని భయాన్ని బొత్తిచెల్లి చెరపలేదు. కనుబొమలు పైకి లేచి, నోరు తెరుచుకుని, చేతులు ముందుకి చాచి ఉంటాయి. బొమ్మ మొత్తంలో గాబరా కనిపించే ముఖం అదొక్కటే. నాకు ఆయన మీద గౌరవం అక్కడే ఎక్కువ.

మన కావ్యాల్లో దోహదం అనే మాట మీరు వినే ఉంటారు. యువతి పాదం తగిలితే అశోకం పూస్తుందనీ, ఆమె పుక్కిట మద్యం చల్లితే పొగడ పూస్తుందనీ. అక్కడ తాకేది ఆమె, పూసేది చెట్టు. ఇక్కడ తాకేది గాలి, పూలు పూసేది ఆమె ఒళ్లే. రెండింటికీ చరిత్రలో సంబంధం ఏమీ లేదు. కానీ ఆడదాని అందాన్నీ రుతువునీ ముడిపెట్టడం మనకు కొత్త కాదు కాబట్టి, ఈ బొమ్మ భాష మీకు అనుకున్నంత పరాయిది కాదు. మన్మథుడికి వసంతుడు చెలికాడు, మలయమారుతం రథం అని చదువుకున్న మనకి, వీనస్ తల మీద ఆమె కొడుకు క్యూపిడ్ ఎగురుతుంటే, గాలిదేవుడు పక్క నుంచి వస్తుంటే అర్థం చేసుకోవడం ఏం కష్టం? తేడా ఒకటుంది. మన మన్మథుడు ఒళ్లు లేనివాడు, అనంగుడు. వాళ్ల క్యూపిడ్‌కి ఒళ్లుంది, కళ్లకి మాత్రం గంతలు కట్టి ఉన్నాయి. బాణం కొసన మంట ఉంది. ఎవరికి తగులుతుందో వాడికి తెలియదు. కానీ ఆ బాణం గురి ఎటుందో మనకు కనిపిస్తుంది.

అది ముగ్గురు గ్రేసుల వైపుంది. మీ వియ్యపురాలికి అభ్యంతరం కలిగించింది కూడా వీళ్లే అనుకుంటాను. చేతులు చేతులు పట్టుకుని గుండ్రంగా నాట్యం చేస్తున్న ముగ్గురు అక్కచెల్లెళ్లు. బట్ట ఉన్నట్టే ఉంటుంది, ఒంపులన్నీ కనిపిస్తూనే ఉంటాయి. మీరు అడిగిన ‘పల్చటి బట్టలు ఎందుకు’ అనే ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది.

రోమన్ తత్వవేత్త సెనెకా ఉపకారం చేయడం గురించి రాస్తూ ఈ ముగ్గురినీ వర్ణించాడు. ఒకామె ఇస్తుంది, ఒకామె పుచ్చుకుంటుంది, ఒకామె తిరిగి ఇస్తుంది. చేతులు పట్టుకుని గుండ్రంగా ఎందుకు తిరుగుతారంటే, చేసిన మేలు చేతులు మారి మళ్లీ ఇచ్చినవాళ్ల దగ్గరికే రావాలి, మధ్యలో గొలుసు తెగితే అందం పోతుంది. యువతులే ఎందుకంటే మేలు జ్ఞాపకం ముసలిది కాకూడదు. వదులు బట్టలు ఎందుకంటే అందులో కట్టడి ఏదీ ఉండకూడదు. పల్చటివి ఎందుకంటే, చేసిన మేలు కనబడాలని కోరుకుంటుంది. చూశారా? ఆ బట్ట పారదర్శకంగా ఉండటమే ప్రతీక. 1435లో ఆల్బెర్తీ అనే ఫ్లోరెన్స్ పండితుడు చిత్రకళ మీద రాస్తూ, చిత్రకారులు ఈ ముగ్గురినీ ఇలాగే పల్చటి వదులు బట్టల్లో వేస్తే బాగుంటుందని ఈ వర్ణనే ఎత్తి చెప్పాడు. బొత్తిచెల్లికి ఆ సలహా తెలియకుండా ఉండే అవకాశం చాలా తక్కువ.

అందువల్లే ‘శృంగారం పైపొర, అర్థం లోపొర’ అనే మాటను నేను ఒప్పుకోను. ఈ బొమ్మలో పొట్టు ఒలిస్తే గింజ దొరకదు. ఒళ్లు కనబడటం ఆగిపోతే అర్థం కూడా ఆగిపోతుంది. ఆ ముగ్గురికీ మందపాటి గౌన్లు వేశామనుకోండి, దాచుకోని మేలు అనే మాట ఎక్కడి నుంచి చెబుతాం?

ఆ బట్ట వేసిన పనితనం గురించి చెప్పకపోతే నా మనసు ఒప్పదు. ఇది గుడ్డు సొనలో రంగు కలిపి పోప్లర్ చెక్క మీద వేసిన బొమ్మ. సొన రంగు త్వరగా ఆరిపోతుంది, నూనె రంగులా నెమ్మదిగా కలిపి మెత్తగా పరవడానికి వీలుండదు. సన్న గీతలు పక్కపక్కన పెట్టుకుంటూ పోవాలి. కాబట్టి ఆ బట్టంతా గీతల పనే. ఒంటి మీదుగా సన్నటి తెల్లని గీతలు జారుతుంటాయి, మడత పడినచోట అవి దగ్గరగా గుమిగూడి తెల్లగా మెరుస్తాయి, పిక్కల దగ్గర అలల్లా విడిపోతాయి. నేను మొదటిసారి ఫ్లోరెన్స్‌లోని ఉఫీజి మ్యూజియంలో దీని ముందు నిలబడినప్పుడు జనం తోసుకుంటున్నా కదల్లేకపోయాను. ప్రింట్లలో మెత్తగా కనిపించేదంతా దగ్గరికి వెళ్తే గట్టి గీత. ఒక్క గీత కూడా తడబడలేదు.

ఇంకో విచిత్రం గమనించండి. ఆ ముగ్గురి ముఖాలూ ప్రశాంతంగా, కొంచెం దిగులుగా ఉంటాయి. నవ్వూ లేదు, కవ్వింపూ లేదు. కదలికంతా జుట్టులో, బట్టలో ఉంటుంది. 1893లో ఆబి వార్‌బుర్గ్ అనే జర్మన్ పండితుడు బొత్తిచెల్లి మీద రాసిన పరిశోధనలో ఈ సంగతే పట్టుకున్నాడు. లోపలి ఉద్వేగాన్ని ఆ చిత్రకారుడు ముఖానికి ఇవ్వకుండా, ఎగిరే కురులకీ కొంగులకీ అప్పగించాడని. మన నాట్యంలో ముఖాభినయానికి అలవాటుపడిన కంటికి ఇది మొదట వెలితిగా అనిపిస్తుంది. కాసేపు చూస్తే ఆ నిదానమైన ముఖాల కిందే బట్ట ఎంత అల్లరిగా ఉందో తెలుస్తుంది.

ముగ్గురిలో మనకు వీపు చూపిస్తున్న మధ్య అమ్మాయిని చూడండి. ఎడమ భుజం మీద నుంచి బట్ట జారి ఉంది. మిగతా ఇద్దరి మెడలో ఆభరణాలున్నాయి, ఆమెకు లేవు. క్యూపిడ్ బాణం గురి ఆమె మీదే అని చాలామంది చెబుతారు. ఆమె మాత్రం తల తిప్పి మెర్క్యురీ వైపు చూస్తోంది. ఈ ముగ్గురినీ ‘కోరిక, పవిత్రత, అందం’ అని పేర్లు పెట్టి చదివిన పండితులున్నారు. వాళ్ల లెక్కలో ఈ మధ్య అమ్మాయి పవిత్రత. ప్రేమ ఇంకా తెలియని పిల్లకి ప్రేమ తగలబోతున్న ముందు క్షణం అది. ఆ పేర్లు మీరు గుర్తుపెట్టుకోకపోయినా నష్టం లేదు. ఆ మెడ తిరిగిన తీరు చూస్తే చాలు. నాకైతే ఈ బొమ్మ మొత్తంలో అత్యంత శృంగారభరితమైన చోటు ఆ చూపే, బట్టల్లేని భుజం కాదు.

ఆమె చూస్తున్న మెర్క్యురీకి ఆమె ధ్యాసే లేదు. ఎర్రటి ఉత్తరీయం, నడుముకి కత్తి, రెక్కల చెప్పులు. పాములు చుట్టుకున్న కర్రతో తోటలోకి రాబోతున్న మబ్బు తునకల్ని చెదరగొడుతున్నాడు. కొందరు ఇతనిలో పెళ్లికొడుకు ఉన్నాడంటారు. కొందరు బుద్ధి పైలోకం వైపు తిరగడం అంటారు. కుడివైపు గాలిగా దూసుకొచ్చిన కోరిక ఎడమవైపు చేరేసరికి నిమ్మళంగా ఆకాశం వైపు చూస్తోందనేది మాత్రం బొమ్మలోనే కనిపిస్తుంది. దానికి పండితులు అక్కర్లేదు.

ఇక మధ్యలో వీనస్. ప్రేమదేవత అంటే బట్టల్లేకుండా ఉంటుందనుకుంటాం, బొత్తిచెల్లే ఆ తర్వాత ‘వీనస్ జననం’లో అలా వేశాడు. ఇక్కడ మాత్రం బొమ్మలోని ఆడవాళ్లందరిలో నిండుగా కప్పుకున్నవాళ్లలో ఆమె ఒకరు. తలకి పెళ్లయిన స్త్రీ మేలిముసుగు, భుజాన బరువైన ఎర్రటి శాలువా. వెనక ఆమెకు ప్రీతిపాత్రమైన మర్టిల్ పొద, దాని చుట్టూ చెట్లు విడిపోయి కమానులా ఏర్పడి, చర్చిలో మేరీమాత వెనక ఉండే గూడులా కనిపిస్తుంది. చేయి ఎత్తి మనల్ని లోపలికి రమ్మంటున్నట్టుంది. పొట్ట ఎత్తుగా ఉంది కాబట్టి గర్భిణి అని కొందరు ఖాయంగా చెబుతారు. ఆ కాలపు గౌను కట్టు, నిలబడే తీరు, అందం గురించిన అభిరుచి అలాంటివి. పెళ్లి బొమ్మ కాబట్టి సంతానం మీద ఆశ ఉండొచ్చు, అంతకుమించి లాగక్కర్లేదు. తోటలోని నారింజలు మెడిచి వంశానికి గుర్తు. కుడివైపు గాలికి వంగిన బే చెట్లకు లాటిన్‌లో లారస్ అని పేరు, లోరెంజో పేరుతో చేసిన శ్లేష అది.

ఆ కుర్రాడికి పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో ఫిచీనో అనే తత్వవేత్త ఒక ఉత్తరం రాశాడు. వీనస్ అంటే మానవత్వం, ఆ కన్యను నువ్వు వరిస్తే నీ ఏళ్లన్నీ తీయగా గడుస్తాయని. 1945లో గోంబ్రిక్ అనే కళాచరిత్రకారుడు ఆ ఉత్తరాన్ని ఈ బొమ్మకి ముడిపెట్టాడు. అందమైన ఊహ. కానీ ఆ ఉత్తరం కూడా మంచి గుణాన్ని పెళ్లాడదగిన అమ్మాయిగా చూపించే చెబుతోందని మరిచిపోయి, చాలామంది వీనస్ నుంచి ఒంటిని తీసేసి సిద్ధాంతాన్ని మాత్రం మిగులుస్తారు.

గైడ్లు చెప్పే ఇంకో మాట మీ చెవిన కూడా పడుతుంది. ఇందులో ఉన్నది ఆ రోజుల్లో ఫ్లోరెన్స్ అందగత్తె సిమొనెట్టా వెస్పూచీ అని. ఆమె 1476లోనే చిన్న వయసులో చనిపోయింది. ఈ ముఖం ఆమెదే అనడానికి ఆధారం లేదు. బొత్తిచెల్లి మేరీమాతలు, దేవతలు, వనకన్యలు అందరూ దాదాపు ఒకే పోలికతో ఉంటారు.

నేల మీది పూలను వదిలేయకండి. 1982లో శుభ్రం చేసి పాత వార్నిష్ తీసేశాక అవి మళ్లీ బయటపడ్డాయి. వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు కూర్చుని దాదాపు 190 రకాల పూలు లెక్కపెట్టారు, వాటిలో కనీసం 130 పేరు పెట్టి చెప్పగలిగారు. ఆ పచ్చిక మీద ఇంతమంది నడుస్తున్నా, నాట్యమాడుతున్నా ఒక్క పువ్వు కూడా నలగలేదు. పాదాలు ఆనీ ఆననట్టు ఉంటాయి. చక్కని కండపుష్టి ఉన్న ఆ అమ్మాయిలకు బరువు మాత్రం లేదు. నాకు ఇది ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

మీ ప్రింటు విషయానికొస్తే, ముందు అందులో తొమ్మిది మందీ ఉన్నారో లేదో లెక్కపెట్టండి. గ్రేసులు ముగ్గుర్నే కత్తిరించి అమ్మే ప్రింట్లు చాలా ఉన్నాయి. అలాంటిదైతే మీ వియ్యపురాలి అభ్యంతరంలో కొంత న్యాయముంది, కథ తీసేసి ఒళ్లు మాత్రం మిగిల్చిన బొమ్మ అది. మొత్తం ఉంటే హాల్లో సోఫా వెనక గోడకు పెట్టండి, సోఫాలో కూర్చున్నవాళ్ల తలల మీదుగా ఆ పచ్చిక మొదలయ్యేలా. అసలు బొమ్మ కూడా అలా కూర్చునే బల్ల పైనే ఉండేది. ఎండ నేరుగా పడకుండా చూసుకోండి, ప్రింటులో ముందు పాడయ్యేవి ఆ లేత రంగులే. మీ వియ్యపురాలు ఈసారి వచ్చినప్పుడు ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి కుడి చివర గాలి దగ్గర నుంచి కథ మొదలుపెట్టండి. క్లోరిస్ దగ్గర తొందరపడకండి. ఆమె నోట్లోంచి జారే పూలు ఎక్కడికి వెళ్తున్నాయో ఆవిడనే వెతకనివ్వండి.